బొంతకు మిషనెందుకు?

పోయిన శ్రావణమాసంలో ఒక మధ్యాహ్నంపూట కుట్టుమిషన్లు అమ్మే షాపులో కూర్చుని ఉన్నాను. షాపు కుర్రాడు నా ముందు తెల్లటి మిషనొకటి పెట్టి దాని గుణగణాలు ఏకరువు పెడుతున్నాడు.

"ఇది 24 రకాల కుట్లు కుడుతుంది మేడం. కాజాలు తీస్తుంది, జిగ్‌జాగ్ వేస్తుంది, పువ్వులు వేస్తుంది, లతలు వేస్తుంది..."

"బొంత కుడుతుందా బాబూ?" అన్నాను.

కుర్రాడు ఠక్కున ఆగిపోయాడు. నేనేదో పట్టుచీరెల దుకాణంలో గోనెసంచులు అడిగినట్టు చూశాడు.

"బొంతా! ఈ రోజుల్లో బొంతలెవరు కుట్టుకుంటున్నారు మేడం? బజారులో కావలసినన్ని దుప్పట్లు దొరుకుతుంటే!"

అతని తప్పేం లేదు లెండి. నా గొడవ అతనికేం తెలుసు? మా అక్క కూతురికి నెలలు నిండుతున్నాయి. మా ఇంట్లో పుట్టిన పిల్లలందరూ మొదట పడుకున్నది పాతచీరెల బొంత మీదే. కొత్తగుడ్డ పసిబిడ్డ ఒంటికి గరుకుగా ఉంటుందనీ, ఏళ్ళ తరబడి ఉతికి ఉతికి వెన్నలా మెత్తబడిన నేతచీరె అయితేనే ఒంటికి హాయిగా ఉంటుందనీ మా అమ్మ నమ్మకం. ఇప్పుడు పుట్టబోయేది ఆవిడకు మునిమనవడో మునిమనవరాలో. ట్రంకుపెట్టె అడుగునుంచి అయిదు చీరెలు తీసి మంచం మీద పెట్టింది. వాటి మధ్య మడత పెట్టిన పంచె కూడా ఒకటుంది. అది మా నాన్నది. ఆయన పోయేనాటికి నాకు ఆరేళ్ళు. ఆ పంచె ఆవిడ ఇన్నేళ్ళూ దాచుకుందని మాకెవరికీ తెలియదు.

చీరెలైతే తీసింది గానీ, కుట్టేదెలా? అమ్మ వేళ్ళ కణుపులు వాచి సూది నిలవడం లేదు. నా సంగతి చెప్పనక్కర్లేదు. నవలలు రాసే చెయ్యి తిన్నగా నాలుగు టాకాలు వేయలేదు. అందుకని, "ఓ మంచి మిషను కొంటానమ్మా, రెండు పూటల్లో కుట్టేస్తాను" అన్నాను ధీమాగా.

అమ్మ మొహం చిన్నబోయింది. కాసేపాగి అంది: "మిషను మీద ఊరందరికీ కుట్టానే. మీకు మాత్రం బొంతలు చేత్తోనే కుట్టాను."

నిజమే. నాన్న పోయాక తెనాలిలో అమ్మ వాయిదాల మీద ఒక నల్లమిషను తెచ్చుకుంది. పగలంతా వీధిలోవాళ్ళ జాకెట్లూ లంగాలూ, బడి తెరిచే రోజుల్లో రాత్రి పన్నెండింటిదాకా యూనిఫారాలూ కుట్టేది. ఆ టకటక శబ్దం వింటూనే అక్కా నేనూ నిద్రపోయేవాళ్ళం. పని లేని ఏ ఆదివారం మధ్యాహ్నమో మాత్రం, నేలమీద పాతచీరెలు పరిచి, నాలుగు మూలలా బియ్యం డబ్బాలు బరువు పెట్టి, చేతిసూదితో బొంత కుట్టుకునేది. మిషను ఆవిడకు బతుకుదెరువు. బొంత ఆవిడ సొంతం. ఆ రెంటినీ నేను ఒక్కమాటతో కలిపేశానన్నమాట.

ఇక నాకు నిద్ర పట్టలేదు. బి.ఏ.లో చరిత్ర చదువుకున్న పాపం ఊరికే పోతుందా? మిషను కొనబోయినదాన్ని, ఈ మిషను అసలు ఎక్కణ్ణుంచి వచ్చింది, ఆడవాళ్ళు దాన్ని ఏమనుకున్నారు, బొంతలు కుట్టుకునేవాళ్ళు దాన్ని ఇంట్లోకి రానిచ్చారా అని పుస్తకాలు ముందేసుకున్నాను. చెప్పొద్దూ, నవలలకంటే బాగుంది ఆ కథ.

మొట్టమొదట కుట్టుమిషను మీద కోపం తెచ్చుకున్నది మా అమ్మ కాదు. ఫ్రాన్సు దేశంలో బార్తెలెమీ తిమోనియే అనే దర్జీ 1830లో తన మిషనుకు పేటెంటు పుచ్చుకున్నాడు. పారిస్ నగరంలో 80 మిషన్లు పెట్టి సైనికుల దుస్తులు కుట్టించడం మొదలుపెట్టాడు. మరుసటేడే తోటి దర్జీలు గుంపుగా వచ్చిపడి ఆ మిషన్లను విరగ్గొట్టేశారు. తమ నోటిదగ్గర కూడు పోతుందని వాళ్ళ భయం. తిమోనియే 1857లో పేదవాడిగానే కన్నుమూశాడు. ఆయన మిషను కుట్టింది గొలుసుకుట్టు. బియ్యం బస్తా మూతికుట్టు మీకు తెలుసుగా? సరైన కొస దొరికితే ఒక్క లాగుతో సర్రున ఊడివస్తుంది. అదీ ఆ జాతి కుట్టే.

ఊడిరాని కుట్టును న్యూయార్కులో వాల్టర్ హంట్ అనే ఆయన 1830లలోనే సాధించాడు. మనం నిత్యం వాడుకునే పిన్నీసు కూడా ఈ మహానుభావుడిదే, దానికి 1849లో పేటెంటు తీసుకున్నాడు. మరి కుట్టుమిషనుకు ఎందుకు తీసుకోలేదు? ఇది వస్తే సూదిపని చేసుకు బతికే ఆడవాళ్ళ గతేమవుతుందని ఆయన కూతురు కరొలైన్ అడ్డుపడిందనీ, అందుకే ఆ మిషనును పక్కన పడేశాడనీ చెబుతారు. పదిహేనేళ్ళ పిల్ల అడిగిన ఆ ప్రశ్నకు ఇన్నేళ్ళయినా పూర్తి జవాబు వచ్చిందని నేననుకోను.

తరవాత వచ్చినవాడు ఎలయస్ హోవ్. మన చేతిసూదికి బెజ్జం వెనక కొసన ఉంటుంది. హోవ్ మిషను సూదికి బెజ్జం మొన దగ్గరే ఉంటుంది. సూది దారాన్ని గుడ్డలోంచి అవతలికి తీసుకెళితే, అక్కడ నాడెలాంటి షటిల్ ఇంకో దారాన్ని తెచ్చి ఆ ఉచ్చులోంచి దూరుస్తుంది. పైదారమూ కిందిదారమూ గుడ్డ మందంలో ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ఈనాటికీ మన ఇళ్ళల్లో మిషన్లు కుట్టేది ఆ కుట్టే. హోవ్ 1845లో బోస్టన్ నగరంలో తన మిషనును అయిదుగురు కుట్టుపని ఆడవాళ్ళతో పోటీకి పెట్టి నెగ్గాడు. 1846 సెప్టెంబరు 10న పేటెంటు వచ్చింది. పేరైతే వచ్చింది గాని కొన్నవాళ్ళు లేరు. అప్పట్లో దాని ఖరీదు 300 డాలర్లు మరి! పొట్ట చేతపట్టుకుని ఇంగ్లండు వెళ్ళి, అక్కడా నిలదొక్కుకోలేక తిరిగి వచ్చేసరికి భార్య క్షయతో చివరి రోజుల్లో ఉంది. బట్టలు కుట్టి సంసారం ఈదిన ఇల్లాలు ఆమె. మిషను తెచ్చిన సంపద ఆమె కళ్ళ చూడలేదు.

హోవ్ ఇంగ్లండు నుంచి వచ్చేసరికి అమెరికాలో మరికొందరు ఆయన పద్ధతితోనే మిషన్లు తయారుచేసి అమ్ముతున్నారు. ఆ తరవాత రంగంలోకి దిగి అందర్నీ మించిపోయినవాడు ఐజాక్ సింగర్. ఆయన నాటకాలాడే మనిషి. సూది నిటారుగా దిగడం, కింద చదునైన బల్ల, గుడ్డను అదిమిపట్టే పాదం, కాలితో తొక్కే ఏర్పాటు, వీటన్నిటినీ ఒక్కచోట చేర్చి 1851లో తన పేటెంటు పుచ్చుకున్నాడు. హోవ్ కోర్టుకెక్కి 1854లో గెలిచాడు. సింగర్ 15 వేల డాలర్లు చెల్లించుకున్నాడు. చివరికి 1856లో పెద్ద కంపెనీలన్నీ రాజీపడి తమ పేటెంట్లను ఒక మూటగా కట్టుకున్నాయి. ఆ మూటలో లేనివాళ్ళు మిషను చేయాలంటే వీళ్ళకు డబ్బు కట్టుకోవాల్సిందే. ఆ ఒప్పందం 1877 దాకా నడిచింది.

ఈ సింగరుగారి గురించి గాంధీమహాత్ముడు 1924లో ఒక మాటన్నారు. యంత్రాలన్నిటినీ మీరు కాదంటారా అని ఎవరో అడిగితే, కుట్టుమిషను వంటిదానికి మినహాయింపు ఇస్తానన్నారు. భార్య చేత్తో కుట్టి కుట్టి అలిసిపోవడం చూడలేక, ప్రేమకొద్దీ సింగర్ ఆ మిషను కనిపెట్టాడని ఆయన విన్న కథ. ఎంత ముచ్చటైన కథ! కానీ సూదికోసం సోదికెళితే పాత గుట్లన్నీ బయటపడ్డాయన్నట్టు, సింగరుగారి చరిత్ర తిరగేస్తే ఒక ఇల్లు కాదు, ఒక సంసారం కాదు. వేరువేరు ఆడవాళ్ళతో ఆయనకు 20 మందికి పైగా పిల్లలు. ప్రేమ ఎక్కువైన మాట నిజమే గానీ, మిషను మాత్రం ప్రేమకోసం కాదు, లాభంకోసం పుట్టింది. అయినా గాంధీగారు చెప్పదలచుకున్న విషయంలో తప్పు లేదనే నాకనిపిస్తుంది. యంత్రం మనిషి శ్రమను తగ్గించాలి గాని మనిషిని దాని బానిసగా చేయకూడదన్నదే ఆయన గీటురాయి. ఆ గీటురాయి మీద మన మిషను నిలుస్తుందా?

నిలిచిందీ లేనిదీ చెప్పాలంటే వాయిదాల సంగతి చెప్పాలి. 1856లో సింగర్ కంపెనీ భాగస్వామి ఎడ్వర్డ్ క్లార్క్ ఒక ఉపాయం పన్నాడు. అప్పట్లో ఇంటిమిషను ఖరీదు సుమారు 125 డాలర్లు. మామూలు కుటుంబం ఏడాదికి సంపాదించేది 500 డాలర్లు. మూడు నెలల తిండి మాని ఎవరు కొంటారు? అందుకని, ముందు కాస్త కట్టి మిషను ఇంటికి పట్టుకెళ్ళండి, మిగతాది నెలనెలా కట్టుకోండి అన్నాడు. మరి ఆడవాళ్ళు ఇనుపయంత్రం నడపగలరా అని ఇంకో అనుమానం! దానికి విరుగుడుగా షోరూముల్లో చక్కగా ముస్తాబైన అమ్మాయిలను కూర్చోబెట్టి మిషను తొక్కించి చూపించారు. ఇంతకంటే ఏం కావాలి? మిషన్లు ఇళ్ళల్లోకి నడిచివచ్చాయి.

మిషన్ల కంపెనీవాళ్ళే 1860 ప్రాంతంలో ఒక లెక్క కట్టారు. మగవాళ్ళ చొక్కా ఒకటి చేత్తో కుట్టడానికి 14 గంటల 26 నిమిషాలు, మిషను మీద 1 గంట 16 నిమిషాలు. అంటే చొక్కాకు 13 గంటలు మిగులు. బాగానే ఉంది. ఆ 13 గంటలూ ఎవరి ఖాతాలో పడ్డాయి? కూలికి కుట్టే ఆడవాళ్ళకు చొక్కా ఇంతకని కూలి కాబట్టి, త్వరగా అవుతోంది గదా అని రేటు తగ్గిపోయింది. వాళ్ళు చొక్కాలు ఎక్కువ కుట్టారు, అంతే. ఇంట్లో కుట్టుకునే ఇల్లాళ్ళ గౌన్లకు కొత్త కుచ్చులూ మడతలూ పుట్టుకొచ్చాయి. రూత్ శ్వార్ట్జ్ కోవన్ అనే చరిత్రకారిణి 1983లో 'మోర్ వర్క్ ఫర్ మదర్' అనే పుస్తకం రాసింది. ఇంటికి యంత్రాలు వచ్చినకొద్దీ తల్లి పని తగ్గకపోగా ఎలా పెరిగిందో చెప్పే పుస్తకం. మా అమ్మ ఆ పుస్తకం చదవలేదు. చదవాల్సిన అవసరమూ లేదు.

మరి బొంతల మాట? అదే నన్ను ఆశ్చర్యపరిచింది. అమెరికా ఆడవాళ్ళూ మనలాగే గుడ్డముక్కలు అతికి బొంతలు కుట్టుకునేవాళ్ళు. వాళ్ళు క్విల్ట్ అంటారు. పైన అతుకుల గుడ్డ, మధ్య దూది, కింద అస్తరు, మూటినీ కలిపి కుట్టాలి. చేతికుట్టు పవిత్రం, మిషను అపవిత్రం అని వాళ్ళు అప్పుడే అనుకుని ఉంటారనుకున్నాను. తీరా చూస్తే, అంతర్యుద్ధం తరవాతి రోజుల్లో మిషను ఉన్న ఇల్లాళ్ళు బొంత మీద ఆ కుట్టు నలుగురికీ కనపడేటట్టు మరీ వేసేవాళ్ళట! మా ఇంట్లో మిషనుందని చెప్పుకోవడానికి. కొత్త వంకీ చేయించుకున్నావిడ చెయ్యి తిప్పుతూ మాట్లాడినట్టు.

వాళ్ళల్లో ఒకామె కథ చెప్పకుండా ఉండలేను. పేరు హారియెట్ పవర్స్. 1837లో జార్జియా రాష్ట్రంలో బానిసగా పుట్టింది. బానిసత్వం పోయాక ఏథెన్స్ అనే ఊరి దగ్గర భర్తతో సేద్యం చేసుకుంది. బైబిలు కథలను గుడ్డబొమ్మలుగా కత్తిరించి, 11 గళ్ళలో అమర్చి ఒక బొంత కుట్టింది. అందులో చేతికుట్టూ ఉంది, మిషనుకుట్టూ ఉంది. 1886లో ఊళ్ళో జరిగిన పత్తి ప్రదర్శనలో పెట్టింది. జెన్నీ స్మిత్ అనే చిత్రలేఖనం టీచరు అది చూసి ముచ్చటపడి, ఎంతైనా ఇస్తాను అమ్మమంది. హారియెట్ అమ్మలేదు. నాలుగైదేళ్ళకు చేతిలో డబ్బాడక, తనే బొంత పట్టుకుని వచ్చింది. 10 డాలర్లు అడిగింది. టీచరు 5 మాత్రమే ఇవ్వగలనంది. భర్తతో మాట్లాడుకుని ఆ అయిదుకే ఇచ్చేసింది. ఇచ్చేముందు ఒక్కొక్క గడిలో ఏ కథ ఉందో విడమరిచి చెప్పి రాయించింది. ఆ తరవాత కూడా తన బొంతను చూసుకోవడానికి చాలాసార్లు ఆ ఇంటికి వచ్చిందట, అత్తవారింట్లో ఉన్న కూతుర్ని చూసుకోవడానికి వచ్చినట్టు. ఆ బొంత ఇప్పుడు వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ వారి మ్యూజియంలో ఉంది. ఆమె కుట్టిన ఇంకో బొంత బోస్టన్ మ్యూజియంలో ఉంది.

ఇది చదివాక చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. మిషను కుట్టు ఉన్నంతమాత్రాన ఆ బొంత ఆమెది కాకుండా పోయిందా?

ఈ తగువు వాళ్ళ దగ్గరా తేలలేదు. 1933లో సింగర్ కంపెనీ ఒక చిన్న మిషను తెచ్చింది. 'ఫెదర్‌వెయిట్' దాని పేరు, అంటే ఈకంత తేలికని. బరువు 11 పౌన్లు, అంటే 5 కిలోలు. పువ్వులు వేయదు, లతలు వేయదు, తిన్నగా కుట్టడం తప్ప ఇంకో విద్య రాదు. అయినా ఆ దేశంలో బొంతలు కుట్టే ఆడవాళ్ళు ఈనాటికీ దానికోసం పాతసామాన్ల అంగళ్ళలో వెతుక్కుంటూనే ఉంటారు. 1971లో న్యూయార్కులోని విట్నీ మ్యూజియంవారు పాత బొంతలను చిత్రాల్లాగా గోడకు వేలాడగట్టి ప్రదర్శన పెట్టారు. వంటింట్లోంచి మ్యూజియంలోకి వెళ్ళేసరికి బొంతకు గౌరవం వచ్చింది. గౌరవంతోపాటే మడీ వచ్చింది. కుట్టు చేత్తోనే వేయాలన్న పట్టుదల పెరిగింది. 1989లో కెంటకీ రాష్ట్రంలో పడూకా అనే ఊళ్ళో జరిగిన పెద్ద పోటీలో కారిల్ బ్రయర్ ఫాలర్ట్ అనే ఆమె బొంతకు మొదటి బహుమతి వచ్చింది. సూర్యగ్రహణం మీద కుట్టిన బొంత అది. మిషను మీద కుట్టిన బొంతకు అక్కడ ఆ బహుమతి రావడం అదే మొదలు. ఇక చూస్కోండి, మిషను మీద కుట్టింది కూడా బొంతేనా అని గగ్గోలు! సరిగ్గా మా అమ్మ మాటే.

అమ్మకంటే ముందే ఈ మిషను మన దేశం ఎలా చేరిందో కూడా చెబుతాను. సింగర్ కంపెనీకి ఇక్కడ నసర్వాన్జీ మెర్వాన్జీ పటేల్ అనే పార్సీ వ్యాపారి 19వ శతాబ్దం చివరి రోజుల్లో ఏజెంటుగా ఉండి అమ్మకాలు సాగించాడు. చీరెకూ పంచెకూ కుట్టు అక్కర్లేదు గదా, ఈ దేశంలో కుట్టుమిషను ఎవరికి కావాలి అనిపిస్తుంది. కాని రవికెలూ చొక్కాలూ వచ్చాక, వీధి అరుగు మీద దర్జీ, దర్జీ ముందు నల్లమిషను మన ఊళ్ళకు మామూలైపోయాయి. 1930లలో కలకత్తాలో జయ్ ఇంజనీరింగ్ వర్క్స్ వారు 'ఉషా' పేరుతో మనదేశపు మిషను తెచ్చారు. 1938లో ఆ కంపెనీ లాలా శ్రీరామ్ చేతికి వచ్చింది. దర్జీ అరుగు మీది మిషను నెమ్మదిగా ఇంటి వసారాలోకి వచ్చింది. 1856లో క్లార్కుగారు అల్లిన వాయిదాల పద్ధతి కూడా దానితోపాటే వచ్చి, 1980లలో తెనాలిలో మా అమ్మ గుమ్మం తొక్కింది.

బొంత మాత్రం ఏ కంపెనీకీ ఏజెంటుకీ సంబంధం లేకుండా అంతకు ఎప్పుడో ముందునుంచే మన ఇళ్ళల్లో ఉంది. సంస్కృతంలో కంథ అంటే అతుకుల బొంతే. ఆ మాటే బెంగాలీల కాంథా. అక్కడి ఆడవాళ్ళు పాతచీరె అంచుల్లోంచి రంగుదారాలు లాగి, ఆ దారాలతోనే పువ్వులూ చేపలూ కుడతారు. మహారాష్ట్రలో గోధడి, కన్నడదేశంలో కౌది. ఉత్తర కన్నడ అడవుల్లో ఆఫ్రికానుంచి ఏనాడో వచ్చి స్థిరపడిన సిద్దీల ఆడవాళ్ళు కుట్టే బొంతను కవంద్ అంటారు. పేరేదైనా సరుకు ఒక్కటే, పాతగుడ్డ, సూది, దారం, మధ్యాహ్నపు తీరిక. అమ్మకానికి కాదు, ఇంట్లో బిడ్డకోసం.

ఇంత చదువూ అయ్యాక మళ్ళీ షాపుకు వెళ్ళాను. ఈసారి వట్టి చేతులతో కాదు. చిరిగిన చీరె ఒకటి ఆరు మడతలు వేసి, టాకాలు వేసి సంచిలో పెట్టుకున్నాను. బొంతకోసం మిషను కొనదలచినవాళ్ళకు నా మొదటి సలహా ఇదే, మీ గుడ్డ మీరు పట్టుకెళ్ళండి. షాపువాళ్ళు కుట్టి చూపించే గంజిగుడ్డ మీద ప్రతి మిషనూ బ్రహ్మాండంగానే కుడుతుంది.

24 కుట్ల మిషను నా ఆరు మడతల మీద నాలుగంగుళాలు నడిచి మూలిగింది. పైమడత ముడతలు పడి వెనక్కి పోగుపడింది. ఎందుకంటే, మిషను పళ్ళు కిందనుంచి గుడ్డను లాగుతాయి. పైన పాదం అదిమి పడుతుంది. కిందిమడత ముందుకు పోతుంటే పైమడత వెనకబడుతుంది. జాకెట్టుకు రెండు మడతలే గనక తెలియదు, బొంతకు తెలుస్తుంది. దీనికి పైమడతను కూడా అడుగులు వేసినట్టు నడిపించే పాదం విడిగా దొరుకుతుంది. పళ్ళను కిందికి దించేసి, గుడ్డను మన చేతులతోనే ఎటు కావాలంటే అటు తిప్పుకుంటూ కుట్టుకునే వీలు కూడా కొన్ని మిషన్లకు ఉంటుంది. బొంతలకు మిషను కొనేవాళ్ళు అడగవలసినవి ఇవి. పాదం ఎంత ఎత్తు లేస్తుంది? సూదికీ పక్కనున్న స్తంభానికీ మధ్య చుట్టిన బొంత పట్టేంత చోటుందా? కుదురుగా ఉండేంత బరువుందా? తిన్నని కుట్టు తిన్నగా వేస్తుందా? పువ్వులూ లతలూ ఆ తరవాత. ఇంకొక్క మాట, పాతచీరె మీద కుట్టు మరీ దగ్గరగా పడితే తపాలాబిళ్ళల మధ్య చిల్లుల్లాగా అక్కడే చిరుగుతుంది. కాస్త ఎడంగా వేసుకోవాలి.

ఈ ప్రశ్నలన్నీ అడుగుతుంటే నాకే ఒక అనుమానం వచ్చింది. బరువైనది, తిన్నని కుట్టు తప్ప ఏమీ రానిది... అలాంటిది మా అటక మీదే ఉందిగా!

మిషన్లు బాగుచేసే సాయిబుగారు వచ్చి, అమ్మ నల్లమిషనును దింపించి, కిరసనాయిలుతో కడిగి, నూనె పోసి, చక్రం ఒకసారి తిప్పి, "దీనికేం తల్లీ, గుండ్రాయిలా ఉంది" అన్నారు. తోలుబెల్టు మాత్రం పొడిపొడిగా రాలిపోయింది. కొత్త బెల్టుకు బదులు చేత్తో తిప్పే పిడి బిగించమన్నాను. పిడి తిప్పడానికి ఒకరూ, గుడ్డ నడపడానికి ఇంకొకరూ కావాలి గదమ్మా అన్నారాయన. నాకు కావలసిందీ అదేనన్నాను.

అమ్మను మిషను ముందు కూర్చోబెట్టడం తేలికగా జరగలేదు. రెండు రోజులు దాని వంక చూడలేదు. నేను హారియెట్ పవర్స్ కథ చెప్పాను. అయిదు డాలర్లకు అమ్మి, మళ్ళీ మళ్ళీ వెళ్ళి చూసుకుందని చెప్పినప్పుడు అమ్మ ఏమీ మాట్లాడలేదు. ఆ సాయంత్రం తనే వచ్చి కూర్చుంది.

"నువ్వు నెమ్మదిగా తిప్పు. నేను ఆగమన్నప్పుడు ఆగు" అంది.

సూది పట్టలేని వేళ్ళు సరే, అరచేతులున్నాయిగా! అయిదు చీరెలూ పంచే మడతలు వేసి పరిచిన ఆ గుడ్డను రెండు అరచేతుల కింద పెట్టుకుని, ఎక్కడా ముడత పడకుండా నడిపించింది. నేను పిడి తిప్పాను. ఎడమెడంగా వరసలు పడ్డాయి. నాన్న పంచె మధ్యమడతగా పోయింది, పైకి కనపడదు. అక్కడ ఉందని మా ముగ్గురికీ తెలుసు, అమ్మకూ అక్కకూ నాకూ. అంచు మాత్రం చేత్తోనే కుట్టాలని అమ్మ పట్టుబట్టింది. అది నాకు పడింది. నా టాకాలు చూసి ఆవిడ నవ్విన నవ్వు పాతికేళ్ళకు సరిపోతుంది.

పూర్తయ్యాక బొంతను చెంపకు ఆనించి చూసింది. "మెత్తగానే ఉంది" అంది ఒప్పుకోలేక ఒప్పుకున్నట్టు. కాసేపాగి నావైపు తిరిగింది.

"అవునే, ఆ షాపులో మిషను కొంటానంటివి. ఎన్ని వాయిదాలన్నాడు?"

"ఇంకేం వాయిదాలమ్మా? నువ్వెప్పుడో కట్టేశావుగా!" అన్నాను.